శాలువాతో పాటు ఒక కాగితం

నెలాఖరు సాయంత్రం ఏదో ఒక ప్రభుత్వ కార్యాలయంలో పదవీ విరమణ సభ జరుగుతూనే ఉంటుంది. శాలువా, పూలదండ, జ్ఞాపిక. మైకు అందుకున్న ప్రతివారూ నిజాయితీపరులు, నిగర్వి, అజాతశత్రువు అని పొగిడి, శేష జీవితం ఆయురారోగ్యాలతో గడపాలని దేవుణ్ణి వేడుకుని కూర్చుంటారు. ఆ మాటలు ఏ సభలోనైనా, ఎవరికైనా సరిపోతాయి. ముప్ఫై ఏళ్లు పక్క కుర్చీలో పనిచేసిన మనిషి గురించి మనకు తెలిసింది ఇంతేనా? సిగ్గుపడాల్సిన సంగతి ఇది.

మరి ఏం చెప్పాలి? ఆయన చేసిన పనుల్లో మీరు కళ్లారా చూసిన ఒక్కదాన్ని ఊరితో, ఏడాదితో సహా చెప్పండి. చాలు.

మైకు ముందు నిలబడితే నాకు గొంతు పూడుకుపోతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎలా ఉండేదో ఇప్పటికీ అంతే. మనసులో ఉన్నదంతా గుటకల్లోనే పోయేది. అందుకే రాయడం అలవాటు చేసుకున్నాను. సభకు ముందురోజు రాత్రి ఒక తెల్లకాగితం మీద పెన్నుతో పది పన్నెండు వాక్యాలు రాస్తాను: ఆయన ఏం చేశారు, అప్పుడు నేనెక్కడున్నాను, దానివల్ల నా పనిలో ఏం మారింది. సభలో చదవను. జనం తగ్గాక చేతికిస్తాను.

రెవెన్యూలో నా పైఅధికారి ఒకాయనకు అలాగే ఇచ్చాను. ఆంధ్రప్రదేశ్‌లో 2014లో విరమణ వయసు 58 నుంచి 60కి పెరగడంతో రెండేళ్లు అదనంగా పనిచేసి, 2016లో రిటైరయ్యారు. నేను రాసింది 1996 నవంబరు 6 నాటి కోనసీమ తుఫాను తర్వాతి సంగతి. కూలిన ఇళ్ల జాబితా రాస్తూ రోజంతా బురదలో తిరిగాం. చీకటి పడ్డాక, బడిలో తలదాచుకున్న ఒక ముసలమ్మ తన ఇల్లు ఎవరూ రాసుకోలేదంది. ఇంటి నంబరు గోడతోపాటే పోయింది. ఆయన టార్చిలైటు తీసుకుని, నన్ను వెంటబెట్టుకుని మళ్లీ ఆ వీధికి నడిచారు. ఇల్లు ఉన్న చోటు చూసి, జాబితా ముగిస్తూ కొట్టిన గీత కింద ఆమె పేరు రాశారు. పక్కనే సంతకం పెట్టి తేదీ వేశారు. ఇంకెవరైనా మిగిలారా అని అడక్కుండా నేను ఆ తర్వాత ఏ జాబితా కిందా గీత కొట్టలేదు. అదే రాశాను.

కాగితం చదివి, “ఆవిడ పేరు గుర్తుందిరా నీకు?” అన్నారు. “ఉంది సార్,” అని చెప్పాను. శాలువా కుర్చీ మీద పెట్టి, ఆ వారం రోజుల సంగతులన్నీ చెప్పుకొచ్చారు. అందులో సగం నాకు తెలియనివే.

మీరూ రాయగలరు. రచయితలు కానక్కర్లేదు. అక్షరం వంకరపోయినా ఫరవాలేదు, సంఘటన మాత్రం నిజమైనది కావాలి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. పింఛను ఎంతొస్తుందని నలుగురిలో అడగొద్దు. మనవలతో ఆడుకోమనొద్దు, ఆ పిల్లలు ఏ డాలస్‌లోనో ఉండొచ్చు, అసలు లేకపోవచ్చు. రిటైరయ్యే మేడమ్‌తో ఇక వంటింటికి టైము దొరుకుతుందని అంటే క్షమించరాని మాట. ఇన్నేళ్లూ పొద్దున్నే క్యారేజీ కట్టిచ్చిన ఇంటివారిని పలకరించండి. రిటైరయ్యేది అటెండరైతే ఇంకా శ్రద్ధగా రాయండి, ఆ సభలో మాట్లాడేవాళ్లు తక్కువ.

అసలు అవసరం ఆ తర్వాతే మొదలవుతుంది. మనుషుల్ని ఆరోగ్యంగా ఉంచేది మంచి సంబంధాలేనని 1938లో మొదలైన హార్వర్డ్ అధ్యయనం కూడా చెబుతోంది. అయినా పూలదండ వాడకముందే మనం ఆ మనిషిని మరిచిపోతాం! రెండో నెలలో ఫోను చేయండి. బోరు కొడుతోందా అని అడగొద్దు. మీకు నిజంగా తెలియని పని ఒకటి అడగండి: పాత రికార్డు ఎక్కడ వెతకాలి, ఫలానా అర్జీకి జవాబు ఎలా రాయాలి. మీరు చేసిపెట్టగల పని కూడా ఒకటుంది: బతికే ఉన్నామని ఏటా పింఛనుదారులు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. 2014లో జీవన్ ప్రమాణ్ అనే డిజిటల్ పద్ధతి వచ్చాక అది ఆన్‌లైన్‌లో కూడా ఇవ్వొచ్చు. వేలిముద్ర పడకపోతే ఫోనులో ముఖం చూపించి చేసే వీలుంది. మొదటిసారి మాత్రం మీరే వెళ్లి, పక్కన కూర్చుని చేసిపెట్టండి. వెళ్లేముందు పెన్షన్ పేమెంట్ ఆర్డరు నంబరు, ఆధార్ దగ్గర పెట్టుకోమని చెప్పండి.