మిమ్మల్ని కాదు డాక్టర్, వాళ్లని

ఇంగ్లండ్‌కు కొత్తగా వచ్చిన మన పిల్లలు అడుగుతుంటారు: "లింకన్‌షైర్‌లో అంతకాలం వైద్యం చేశారు కదా అంకుల్, అక్కడివాళ్లకు మనమంటే పడదా?" ఒక్క ముక్కలో తేలేది కాదు కనక రాసి పెడుతున్నాను.

1. ఓటును బట్టి మనిషిని అంచనా వేయకండి. 2016లో యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి పోదామని లింకన్‌షైర్‌లోని బోస్టన్‌లో 75.6 శాతం ఓటేశారు. దేశంలో అదే అత్యధికం. క్రిస్మస్‌కు నాకు కేకు తెచ్చిచ్చే ముసలమ్మలూ అందులో ఉన్నారు.

2. ఎంతమంది వచ్చారన్నదానికన్నా ఎంత వేగంగా వచ్చారన్నదే జనాన్ని కలవరపెడుతుంది. విదేశీయులు కిక్కిరిసిన లండన్ దాదాపు 60 శాతంతో యూనియన్‌లోనే ఉందామంది. బోస్టన్ కథ వేరు. 2004లో పోలండ్, లిథువేనియా యూనియన్‌లో చేరాక క్యాబేజీ పొలాలకు, ప్యాకింగ్ షెడ్లకు కూలీలు వచ్చారు. కొన్నేళ్లలోనే బజారు రూపు మారింది. ఇళ్ల అద్దెలు, డాక్టరు అపాయింట్‌మెంట్లు... ఆ ఫిర్యాదుల్లో నిజముంది. కానీ తక్కువ కూలికి మనుషుల్ని దింపిన ఏజెన్సీలను, ఆసుపత్రులు పెంచని ప్రభుత్వాలను వదిలేసి లిథువేనియా కుర్రాడి మీద పడడం అన్యాయం.

3. "మిమ్మల్ని కాదు డాక్టర్, వాళ్లని" అంటే పొంగిపోకండి. 1968లో కన్సర్వేటివ్ ఎంపీ ఇనాక్ పావెల్ వలసలకు వ్యతిరేకంగా బర్మింగ్‌హామ్‌లో ప్రసంగించినప్పుడు ఆ "వాళ్లు" మనమే. గాలప్ సర్వేలో 74 శాతం ఆయన మాటను సమర్థించారు. కన్సర్వేటివ్ పార్టీ నాయకుడు ఆయన్ని షాడో క్యాబినెట్ నుంచి తీసేశాడు, ఆ 74 శాతాన్ని ఎక్కడికి తీసేస్తాడు? 2024లో బోస్టన్-స్కెగ్‌నెస్ సీటును వలసలను వ్యతిరేకించే రిఫార్మ్ యూకే పార్టీ గెలిచింది. ఈ ద్వేషాన్ని ఆ పార్టీయే పుట్టించిందంటే నేనొప్పుకోను. ఎప్పటినుంచో ఉన్నదానికి ఎన్నికల గుర్తు దొరికింది, అంతే.

4. మనమూ తక్కువ తినలేదు. పోలండ్ వాళ్లు వీసా లేకుండా వచ్చేస్తున్నారని గొణిగి, 2016లో బయటికి పోదామనే ఓటేసిన మనవాళ్లున్నారు. 1966లో బొంబాయిలో పుట్టిన శివసేన తొలినాళ్లలో ఎవరి మీద విరుచుకుపడింది? పనికోసం వలస వచ్చిన దక్షిణాదివాళ్ల మీదే. అది మరిచిపోయారు.

5. ఫిర్యాదు చేసేవాడితో మాట తెంచుకోకండి. అయితే దానికీ హద్దుంది. 2024 ఆగస్టులో పుకారు నమ్మి రోథరామ్‌లో శరణార్థులున్న హోటల్‌కు నిప్పు పెట్టబోయారు. దాన్ని వెనకేసుకొచ్చేవాడితో టీ తాగక్కర్లేదు.

6. 2016 నాటి ఆ రిఫరెండంలో పోలండ్ కూలీకి ఓటు లేదు. ఇక్కడ నివసించే భారత పాస్‌పోర్టువాళ్లకు ఉంది, కామన్వెల్త్ పౌరులు కాబట్టి. పార్లమెంటు ఎన్నికలకూ అంతే. వీసా మీద ఉన్నామని ఊరుకోక, ఓటర్ల జాబితాలో పేరు ఎక్కించుకోండి.