ఏకాగ్రతకు ఇంట ఒక గంట

విద్యార్థికి పుస్తకమును గురువును ఎంత అవసరమో, మనస్సు ఒక్కచోట నిలుచుటయు అంత అవసరము. చేతిలోని ఫోను ఈ నిలుకడను ఎట్లు చెరచుచున్నదో, దానిని మరల ఎట్లు కుదుర్చుకొనవచ్చునో తల్లిదండ్రులతో కలిసి ఆలోచింపదలచితిమి.

పిల్లవాడు ఫోను విడువకుండుట కేవలము వాని దోషము కాదు. పుస్తకమున అధ్యాయము ముగియును; పత్రికకు చివరి పుట కలదు. 2006లో అమెరికాలో ఆజా రాస్కిన్ రూపొందించిన పద్ధతి నేడు ఫోనులందంతటను వ్యాపించినది. వ్రేలితో జరపినకొలది క్రొత్త విషయము వచ్చుచునే యుండును. ఆగుటకు చోటే లేదు.

ఇక రెండవ చిక్కు. ఒక పని ముగియకుండ మరియొక పనికి మరలినచో మనస్సులో కొంత భాగము మొదటి పనియందే చిక్కుకొని యుండునని 2009లో సోఫీ లెరాయ్ పరిశోధించి చూపెను. లెక్క చేయుచు నడుమ సందేశము చూచిన బాలుడు మరల లెక్కకు వచ్చినను, పూర్తిగా రాడన్నమాట. 2017లో టెక్సాస్ విశ్వవిద్యాలయమువారు సుమారు 800 మందిని పరీక్షింపగా, ఫోనును బల్లపై నుంచుకొన్నవారికంటె వేరొక గదిలో విడిచినవారు మెరుగుగా రాణించిరి. తరువాతి పరిశీలన లన్నియు ఇట్లే తేల్చలేదు. అయినను దూరముగా నుంచుటవలన నష్టమేమి?

మన పిల్లలకు దీనివలన మరియొక నష్టము కలదు. వీధిలో తమిళమో కన్నడమో మరాఠీయో ఒడియాయో వినబడును. తెలుగు నిలువవలసినది బడిలోను, సాయంకాలము ఇంటిలోను. ఆ సాయంకాలమును ఫోను హరించినచో ఏకాగ్రతతోపాటు మాతృభాషయు సన్నగిల్లును.

మహారాష్ట్రలో సాంగ్లీ జిల్లా మోహిత్యాంచే వడగావ్ గ్రామస్థులు 2022లో ఒక నియమము చేసికొనిరి. సాయంకాలము 7 గంటలకు సైరను మ్రోగగానే 8-30 వరకు టీవీలును ఫోనులును ఆపివేయవలయును. పెద్దలకును ఇదే నియమము. ఊరు చేసినది ఇల్లు చేయలేదా?

పాఠములే ఫోనులో వచ్చుచున్నవి గదా యని కొందరనవచ్చును. వానిని ముందుగా కాగితముపై వ్రాయించి, పిమ్మట ఫోనును వేరొక గదిలో నుంచవలయును. అనవసరమైన సందేశముల మ్రోతలను ఆపవలయును. తొలిదినముననే గంట కూర్చుండుట కష్టమైనచో ఇరువది నిమిషములతో ఆరంభింపవచ్చును. చదువు ముగిసిన పిదప ఒక తెలుగు పుట బిగ్గరగా చదివించి, అర్థమైనది అడిగి తెలిసికొనవలయును. పసివారి విషయమున భారత శిశువైద్యుల అకాడమీవారు 2021లో చెప్పినది గుర్తుంచుకొనదగును: రెండేండ్లలోపువారికి తెర చూపరాదు, రెండు మొదలు ఐదేండ్లవారికి దినమునకు గంటకు మించరాదు.

తండ్రి చేత ఫోను ఉండగా కొడుకును మందలించిన ఫలము లేదు. ముందుగా పెద్దలు తమ ఫోనులను ప్రక్కన పెట్టి, పిల్లల చెంత కూర్చుండవలయునని మా మనవి.