ఉల్లిపాయలు తరిగినా రాని కన్నీళ్లు

ఇంట్లో పెళ్లైనా పేరంటమైనా ఉల్లిపాయల బుట్ట ఏలూరు పెద్దమ్మ ముందుకే వచ్చేది. మిగతా ఆడవాళ్లు కొంగుతో కళ్లు ఒత్తుకుంటుంటే ఆవిడ చుక్క కన్నీరు లేకుండా ఐదు కిలోలు తరిగేసి లేచేది. గట్టి మనిషని అందరూ మెచ్చుకున్నారు. అది గట్టితనం కాదు, జబ్బు అని తేలడానికి నాలుగేళ్లు పట్టింది.

పెద్దమ్మకున్న కీళ్లవాతమే ఇప్పుడు తాడేపల్లిగూడెంలో ఉన్న ఆవిడ చెల్లెలి కూతురికీ వచ్చింది. డాక్టర్ల మాటలో రుమటాయిడ్ ఆర్థరైటిస్. పొద్దున లేచాక గంటసేపు పిడికిలి బిగియదు. మందులు మొదలెట్టి ఏడాది తిరక్కుండానే కళ్లలో ఇసుక పోసినట్టు గరగర, మంట. "ఆఫీసులో కంప్యూటర్ వల్లేమో పెద్దమ్మా" అని ఆ పిల్ల ఫోన్‌లో అంది. సైన్సు టీచరుగా రిటైరైన పెద్దమ్మ ఫోన్‌లో ఏమీ తేల్చలేదు. నాలుగు అరఠావుల ఉత్తరం రాసి పోస్టులో వేసింది.

"చిరంజీవి అమ్మడుకి, పెద్దమ్మ ఆశీస్సులు" అని మొదలైన ఆ ఉత్తరంలో మొదటి సలహా మందు గురించి కాదు. కళ్ల మంట సంగతి కీళ్ల డాక్టరుకు, కీళ్లవాతం సంగతి కళ్ల డాక్టరుకు చెప్పమని. కంటి ఆస్పత్రిలో వేళ్ల నొప్పుల కబుర్లెందుకులే అని తాను ఊరుకున్నందుకే ఆ నాలుగేళ్లూ పోయాయట.

రెండింటికీ చుట్టరికం ఉంది. స్వీడన్ కంటి డాక్టరు హెన్రిక్ షోగ్రెన్ 1933లో తన సిద్ధాంత గ్రంథంలో కళ్లూ నోరూ ఎండిపోయిన 19 మంది స్త్రీల గురించి రాశాడు. వాళ్లలో 13 మందికి కీళ్ల జబ్బు ఉంది. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థ పొరబడి కీళ్ల మీద పడ్డట్టే కన్నీటి గ్రంథుల మీదా, లాలాజల గ్రంథుల మీదా పడుతుంది. ఆ జబ్బుకు ఆయన పేరే పెట్టారు. టెన్నిస్ క్రీడాకారిణి వీనస్ విలియమ్స్ 2011లో యూఎస్ ఓపెన్ మధ్యలో తప్పుకున్నది దీనివల్లే. కీళ్లవాతంలో కళ్లు పొడిబారిన ప్రతివాళ్లకూ షోగ్రెన్స్ ఉందని కాదు, ఉందో లేదో మాత్రం చూడాలి. నోరెండిపోవడం, పళ్లు తొందరగా పుచ్చడం, చెంపల దగ్గర వాపు తగ్గకపోవడం ఉంటే అవీ డాక్టరుకు చెప్పాలి.

"మార్కెట్టు వీధిలోకి వెళ్తే నా కళ్లు కారిపోతున్నాయి, పొడి ఎక్కడిది?" అని ఉల్లి మార్కెట్టున్న తాడేపల్లిగూడెంలో ఉంటున్న పిల్ల అడుగుతుందని పెద్దమ్మకు తెలుసు. ఘాటుకు ఒక్కసారిగా ఉబికే నీళ్లు వేరు, రోజంతా కంటిని తడిపి ఉంచే పలుచని పొర వేరు. ఆ పొరలో నీటితో పాటు రెప్పల అంచు నుంచి వచ్చే నూనె, కంటికి అంటిపెట్టుకునే జిగురు ఉండాలి. అవి సరిగా లేకపోతే వచ్చిన నీళ్లు చెంపల మీదకు జారతాయి, కన్ను ఎండే ఉంటుంది. గ్రంథులు బాగా దెబ్బతింటే ఉల్లిపాయకు కూడా నీళ్లు రావు.

ఇక్కడ టీచరమ్మ కొల్లేరు బొమ్మ గీసింది. బుడమేరు, తమ్మిలేరు నీళ్లు తెస్తాయి, ఉప్పుటేరు సముద్రానికి తీసుకుపోతుంది. కంటికి పైన బయటి మూల కన్నీటి గ్రంథి ఉంటుంది. ముక్కు వైపు రెప్పల అంచున రెండు సన్నని రంధ్రాలుంటాయి, అదే ఉప్పుటేరు. ఎగువ నీళ్లు తగ్గిన ఎండాకాలంలో ఉప్పునీరు కొల్లేటిలోకి ఎగదన్నినట్టే, కంట్లో నీరు తగ్గి ఆవిరయ్యే కొద్దీ ఉన్న నీటిలో ఉప్పు పెరుగుతుంది. ఆ ఉప్పు వాపును పెంచుతుంది, వాపు నీటిని ఇంకా తగ్గిస్తుంది.

ఎంత తగ్గిందో కొలవడానికి చిన్న కాగితం ముక్క చాలు. షిర్మర్ పరీక్షలో గీతలున్న సన్నని కాగితపు పట్టీని కింది రెప్పకు తగిలించి 5 నిమిషాలు ఉంచుతారు. 10 మిల్లీమీటర్లకు పైగా తడిస్తే ఫర్వాలేదు, 5 కూడా తడవకపోతే నీరు బాగా తగ్గినట్టే. రంగు చుక్క వేసి నల్లగుడ్డు మీద గీతలు పడ్డాయేమో కూడా చూస్తారు.

వైద్యం మెట్టు మెట్టుగా సాగుతుంది. మొదటిది కృత్రిమ కన్నీళ్లు. కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్, సోడియం హయలురొనేట్ లాంటివి. రోజుకు నాలుగుసార్లకు మించి వేసుకోవాల్సి వస్తే నిల్వ మందు కలపని రకం అడగాలి. బెంజాల్కోనియం క్లోరైడ్ లాంటి నిల్వ మందే రోజూ పడితే కంటిని గీరుతుంది. రాత్రి పడుకోబోయే ముందు జెల్ గానీ ఆయింట్‌మెంట్ గానీ. రెప్పల నూనె గ్రంథులు మూసుకుపోతే గోరువెచ్చని గుడ్డతో 5 నుంచి 10 నిమిషాలు కాపడం.

వేళ్లు వంగనివాళ్లకు చుక్క వేసుకోవడమే పెద్ద పని. పెద్దమ్మ పద్ధతి ఇది: పడుకుని కళ్లు మూసి, సీసాను వేళ్లతో కాక పిడికిట్లో పట్టుకుని, ముక్కు పక్క మూలలో చుక్క రాల్చి, అప్పుడు కన్ను తెరవడం. సీసా ఫ్రిజ్‌లో ఉంచితే చుక్క పడిందీ లేనిదీ చల్లదనమే చెబుతుంది.

చుక్కలు చాలకపోతే వాపును తగ్గించాలి. సైక్లోస్పోరిన్ చుక్కలకు అమెరికాలో 2002లో అనుమతి వచ్చింది, మన దగ్గరా దొరుకుతాయి. మొదట్లో మండుతాయి, గుణం కనిపించడానికి మూడు నెలలైనా పడుతుంది. పదిహేను రోజులకే మానేస్తే డబ్బు దండగ. వాపు అదుపులోకి వచ్చాక ఉప్పుటేరుకు అడ్డుకట్ట వేసినట్టు ఆ సన్నని రంధ్రాల్లో సిలికాన్ బిరడాలు పెడతారు, వద్దనుకుంటే తీసేయొచ్చు. అదీ చాలనివాళ్లకు సొంత రక్తం నుంచి తీసిన సీరం చుక్కలు, కంటి మీద నీటిని నిలిపి ఉంచే స్క్లీరల్ లెన్సులు ఉన్నాయి.

స్టెరాయిడ్ చుక్కల దగ్గర మాత్రం పెద్దమ్మ అక్షరాలు పెద్దవయ్యాయి. ఒకప్పుడు డాక్టరు వారం రోజులకు రాసిన చుక్కల్ని, హాయిగా ఉందని, మందుల షాపులో అడిగి కొనుక్కుని ఎనిమిది నెలలు వాడింది. కంటిలో ఒత్తిడి పెరిగింది, శుక్లం ముందే వచ్చింది. డాక్టరు చూస్తుండగా కొద్ది రోజులు వాడితే అదే మందు మేలు చేస్తుంది. ఇంట్లో ఆముదం, తేనె, పన్నీరు కంట్లో వేయడం కూడా వద్దంది. సైక్లోస్పోరిన్ చుక్కల్లో కొన్నిటిని ఆముదంలోనే కలుపుతారన్నది నిజమే, కానీ అది సూక్ష్మజీవులు లేకుండా శుద్ధి చేసింది, గానుగ నుంచి తెచ్చింది కాదు.

కొల్లేటి చేపలు తింటే కళ్లు తడి అవుతాయన్న మాటా ఉంది. చేప నూనె గుళికల మీద అమెరికాలో 535 మందితో జరిగిన డ్రీమ్ అధ్యయనం 2018లో వెలువడింది. రోజుకు 3,000 మిల్లీగ్రాముల ఒమేగా 3 ఏడాది పాటు మింగినవాళ్లకూ, ఆలివ్ నూనె మింగినవాళ్లకూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. చేపల పులుసు రుచి కోసం తినమంది.

కీళ్లవాతానికి వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్ రోజు మోతాదు ఒంటి బరువులో కిలోకు 5 మిల్లీగ్రాములు దాటకూడదు. మొదటి ఏడాదిలో ఒకసారి, ఐదేళ్ల తర్వాత ఏటా రెటీనా చూపించుకోవాలి. జలుబు మాత్ర సెట్రిజిన్, నిద్రకూ నొప్పికీ ఇచ్చే అమిట్రిప్టిలిన్ కళ్లను ఇంకా ఎండబెడతాయి. వాడే మాత్రలన్నీ చీటీ మీద రాసుకుని వెళ్లాలి. ఫ్యాను గాలి నేరుగా ముఖానికి తగలకూడదు, బండి మీద కళ్లజోడు తప్పదు.

పెద్దమ్మ సోమవరప్పాడు మాటా రాసింది. ఏలూరు పక్కనున్న ఆ ఊళ్లో 1908లో పుట్టిన సినీ దర్శకుడు ఎల్.వి. ప్రసాద్ ఇచ్చిన స్థలం, విరాళంతోనే డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాద్‌లో ఆయన పేరిట కంటి ఆస్పత్రి స్థాపించారు. దానికి విజయవాడ దగ్గర తాడిగడపలో శాఖ ఉంది, ఏలూరు వాళ్లకు దగ్గర.

ఇంతా రాశాక ఎర్ర సిరాతో గీత గీసి కింద ఇలా ఉంది: కన్ను లోతుగా నొప్పి పెట్టినా, బాగా ఎర్రబడినా, వెలుతురు చూడలేకపోయినా, చూపు మసకబారినా ఆ రోజే వెళ్లాలి. కీళ్లవాతంలో తెల్లగుడ్డు వాచొచ్చు, నల్లగుడ్డు అంచు పుండుపడి కరిగిపోవచ్చు. అది చుక్కలతో ఆగే పొడి కాదు.

చివర తా.క. పెట్టింది. "నా మొదటి షిర్మర్ కుడి కన్ను 3, ఎడమ కన్ను 4. నీ కాగితం ఎంత తడిసిందో పరీక్షయిన రోజు రాత్రికి ఫోన్ చెయ్యి."