బడిలో టీచర్లు ఎందరు?

అత్తమ్మ చిన్నప్పుడు ఊళ్లో బడి ఉంది. పంతులు గారు ఉన్నారు. పంతులమ్మ లేదు. "మగపంతులు దగ్గరికి ఆడపిల్లను పంపుతామా?" అన్నారు ఇంట్లో. ఆమె చదువు అక్కడే ఆగిపోయింది. పెద్దయ్యాక రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుంది.

ఇప్పుడు మనవరాలు మూడో తరగతి. ఒకరోజు పది గంటలకే ఇంటికి వచ్చేసింది.

"ఏమే, అప్పుడే వచ్చావు?"

"టీచరుకు మండలంలో మీటింగంట నానమ్మా. బడికి తాళం వేశారు."

ఆ బడిలో అయిదు తరగతులు. ఒకే టీచరు. ఆమె మీటింగుకు పోతే బడి మూతే. తప్పు ఆమెది కాదు.

"ఇన్నేళ్లయినా టీచర్లు పెరగలేదా?" అని అత్తమ్మ కోడల్ని అడిగింది. కోడలు పది దాకా చదివింది.

"పెరిగారు అత్తమ్మా. లెక్క చూద్దాం రండి" అంది.

మన దేశం లెక్క

ప్రాథమిక బడుల్లో టీచర్లు ఇలా పెరిగారు.

1950-51: మొత్తం 5 లక్షల 38 వేలు. అందులో ఆడవాళ్లు 82 వేలు.
1970-71: మొత్తం 10 లక్షల 60 వేలు. ఆడవాళ్లు 2 లక్షల 25 వేలు.
2000-01: మొత్తం 18 లక్షల 96 వేలు. ఆడవాళ్లు 6 లక్షల 75 వేలు.

యాభై ఏళ్లలో టీచర్లు మూడు రెట్లు దాటారు. పంతులమ్మలు ఎనిమిది రెట్లు పెరిగారు. 2024-25లో 12వ తరగతి దాకా అన్ని బడులూ కలిపితే టీచర్లు కోటి దాటారు. వాళ్లలో సగం కంటే ఎక్కువ మంది ఆడవాళ్లే.

"మరి మన బడికి ఒక్కరేనా?" అంది అత్తమ్మ.

పిల్లలు ఎక్కువ పెరిగారు

బడికి వచ్చే పిల్లలు టీచర్ల కంటే వేగంగా పెరిగారు. 1950-51లో ఒక టీచరుకు సగటున 24 మంది పిల్లలు. 2000-01లో 43 మంది.

సగటు అంటే అందరికీ సమానంగా పంచితే వచ్చే లెక్క. కానీ టీచర్లు అన్ని ఊళ్లకూ సమానంగా లేరు. ఒక బడిలో పదిమంది ఉంటారు. మరో బడిలో ఒక్కరే ఉంటారు.

ప్రతి చిన్న బడికీ ఇద్దరు టీచర్లు ఉండాలని 1987లో కేంద్ర ప్రభుత్వం ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పథకం మొదలుపెట్టింది. వీలైతే ఒకరు ఆడవాళ్లు ఉండాలంది. అయినా 2024-25లో దేశంలో లక్షకు పైగా బడులకు ఒకే టీచరు. అలాంటి బడులు ఎక్కువగా ఉన్నది ఆంధ్రప్రదేశ్‌లోనే.

చట్టం ఏమంటుంది?

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. దాని ప్రకారం ఒకటి నుంచి అయిదు తరగతుల బడిలో:

60 మంది దాకా పిల్లలుంటే ఇద్దరు టీచర్లు.
61 నుంచి 90 దాకా ముగ్గురు.
91 నుంచి 120 దాకా నలుగురు.

బడి కమిటీలో సగం మంది ఆడవాళ్లు ఉండాలని కూడా చట్టంలో ఉంది.

"మన బడిలో పిల్లలు 38 మంది. అంటే ఇంకో టీచరు రావాలి గదా!" అంది అత్తమ్మ.

మర్నాడు పదకొండు మంది తల్లులు కూడారు. మండల విద్యాధికారి గారికి అర్జీ రాశారు. పిల్లలెందరో, టీచర్లెందరో అందులో అంకెలు వేశారు. అత్తమ్మ వేలిముద్ర వేయలేదు. సంతకం పెట్టింది. అర్జీ ముట్టినట్టు నకలు మీద ఆఫీసులో సంతకం, తేదీ వేయించుకున్నారు.

టీచరు ఇంకా రాలేదు. నకలు అత్తమ్మ పెట్టెలో ఉంది. వచ్చే సోమవారం మళ్లీ వెళ్తారు.

మీరు రాయండి

1. మీ ఊరి బడిలో పిల్లలు ఎందరు? ............
2. టీచర్లు ఎందరు? ............
3. చట్టం ప్రకారం ఎందరు ఉండాలి? ............
4. అర్జీకి నకలు ఎందుకు ఉంచుకోవాలి? ............