గీతలు నిండుగా ఉన్నా కాల్ కలవదేం?

ప్రశ్న: సాయంత్రం లింగంపల్లిలో ఎంఎంటీఎస్ దిగగానే ఫోన్‌లో సిగ్నల్ గీతలు నిండుగా ఉంటాయి. కాల్ మాత్రం కలవదు. ఫోన్‌లో లోపమా?

జవాబు: కాకపోవచ్చు. టవర్ సిగ్నల్ మీ దాకా ఎంత బలంగా వస్తోందో ఆ గీతలు చెబుతాయి. మీకు చోటుందో లేదో చెప్పవు. ఆ చోటును ఫోన్ ముందుగా ఆర్‌ఆర్‌సీ అనే సిగ్నలింగ్ పద్ధతిలో అడగాలి. 4జీలో ఒక్కో సెల్‌కు (అంటే టవర్ పరిధిలోని ఒక్కో భాగానికి) ఇలా తలుపు తట్టే సంకేతాలు 64 మాత్రమే. రైలు దిగిన గుంపులో రెండు ఫోన్లు ఒకే క్షణాన ఒకే సంకేతం పంపితే కనీసం ఒకటి మళ్లీ మొదలెట్టాలి. అది దాటినా, రద్దీ ఎక్కువైతే టవర్ 1 నుంచి 16 సెకన్లు ఆగమనవచ్చు. వరసపెట్టి డయల్ చేస్తే (అందరం చేసేది అదే!) రద్దీ ఇంకా పెరుగుతుంది. అర నిమిషం ఆగి చేయండి. జనం లేనిచోటా ఇదే తంతయితే అప్పుడు సిమ్‌నో, హ్యాండ్‌సెట్‌నో అనుమానించండి.