ఇంటి పచ్చికను మఱల వేయుటకు ముందు నేలను సిద్ధపఱచుట

రైతునకు పచ్చికతో నేమి పని యని మన సభ్యులలో పలువు రడుగవచ్చును. కొన్నియేండ్ల క్రిందట మేమును అట్లే యనియుందుము. జీవితమంతయు గరికను పీకి గట్టుమీద వేసినవాడు, గడ్డిని పైకమిచ్చి కొని యింటిముందు నాటించుట వింతగానే తోచును. కాని యిప్పుడు గోదావరి, కృష్ణా మండలములలో నే యూరికి పోయినను, నగరములలోనో అమెరికాలోనో ఉద్యోగములు చేయు పిల్లలు తలిదండ్రులకు కట్టించిన క్రొత్తయిండ్లు కనబడుచున్నవి. అందు కొన్నింటి ముందు పది సెంట్లో, ఇరువది సెంట్లో పచ్చిక యున్నది. దీనినే పట్టణమువారు లాను అందురు. వేసిన మొదటి యేడు కన్నులపండువుగా నుండును. మూడవ యేటికి తుంగయు, గుంటలును, పసుపు మచ్చలును మిగులును. అప్పుడు పిల్లలు ఫోనులో “అంతయు తీసివేసి మఱల వేయింపుడు” అని చెప్పుదురు. ఆ మాట పట్టుకొని మాయొద్దకు వచ్చు సభ్యులకొఱకు ఈ పాఠమును వ్రాయుచున్నాము.

ముందుగా మా తప్పొకటి చెప్పవలెను. డెల్టాలోని ఒక గ్రామమున మన సభ్యు డొకరు జ్యేష్ఠమాసమున మాయొద్దకు వచ్చిరి. ఇంటిముందు 20 సెంట్ల పచ్చిక చెడిపోయినదనియు, దసరాకు కుమారుడు కుటుంబముతో వచ్చుచున్నాడనియు, అప్పటికి క్రొత్త పచ్చిక కావలెననియు చెప్పిరి. మేము తొందరపడితిమి. రోటవేటరుతో రెండుమాఱులు దున్నించి, పశువులయెరువు చల్లి, చదునుచేసి, నర్సరీలవారు షీట్లని పిలుచు గడ్డిపలకలను పఱపింపుమంటిమి. దసరాకు ఆవరణము తివాచివలె నుండెను. సంక్రాంతి వెళ్లి యెండలు ముదురునప్పటికి పచ్చికకంటె తుంగయే ఎక్కువ. మేము పోయి చూచినప్పుడు ఆ పెద్దమనిషి మమ్ము నిందింపలేదు. చేతికఱ్ఱతో ఒక పలక యంచు నెత్తి, “అయ్యా, వెనుక ఒక తుంగ యున్నచోట నిప్పుడు పదియున్నవి. మనము తుంగను విత్తితిమి కాబోలు” అనిరి. పాడిగేదెకొఱకు దాచుకొన్న పైకము దానిలో పోయినదని వారి యిల్లాలు తరువాత చెప్పగా వింటిమి.

ఆయన మాట అక్షరాల నిజము. తుంగకు ప్రాణము ఆకులో లేదు, నేలలోని నల్లని గడ్డలో నున్నది. సన్నని దారమువంటి కాడలతో ఒకగడ్డ కొకగడ్డ గొలుసువలె కూర్చబడియుండును. గొలుసు తెగనంతవఱకు కొనయందలి గడ్డయే మొలచుచు, తక్కినవానిని నిద్రలో నుంచును. రోటవేటరు కత్తులు ఆ గొలుసును ముక్కలుచేయగానే నిద్రించు గడ్డలన్నియు ఎవరిమట్టుకు వారు మేల్కొనును. గరికయు నట్టిదే. దాని కాడను కణుపు కణుపునకు నఱకినచో, కణుపు కొక మొక్క యగును. మేము చదివిన బడిలో ఆలస్యముగా వచ్చిన పిల్లలచేత ఆవరణములోని తుంగను పీకించెడివారు. ఎన్నియేండ్లు పీకినను అది తఱుగలేదు, మా యాలస్యమును తఱుగలేదు. గడ్డను విడిచి ఆకును పీకుటవలన ఫల మంతయే.

కాబట్టి పచ్చికను మఱల వేయుట యనగా గడ్డిని నాటుట కాదు; నాటుటకు ముందు జరుగు నాలుగైదు మాసముల పని. ఆషాఢమున నాటదలచినవారు ఫాల్గుణముననే పని మొదలుపెట్టవలెను. అంత ఓపిక లేనివారు ఆ యేడు ఆవరణమును పశువులమేతకు విడిచి ఊరకుండుట మేలు.

మొదట చేయవలసినది కొలత. ఒక సెంటు నేలకు అంగుళము నీరు పెట్టుటకు సుమారు 1,030 లీటర్లు కావలెను. ఇరువది సెంట్లకు 20,600 లీటర్లు. మన మండలములలో నడివేసవిని అయిదాఱు దినములకొకసారి యంత తడి యియ్యనిదే పచ్చిక పచ్చగా నుండదు. అనగా నెలకు లక్ష లీటర్లకు పైమాట. మీ బోరు ఆ నీటి నియ్యగలదా? ఇచ్చినను, ప్రక్కనున్న కూరగాయల మడికిని, కొట్టములోని పశువులకును మిగులునా? ఈ లెక్కను కాగితముమీద వేసి చూపగా మన సభ్యుడు చాలసేపు మాటాడలేదు. పిమ్మట 6 సెంట్లు మాత్రము పచ్చికకు ఉంచి, తక్కిన 14 సెంట్లలో మామిడి, సపోట మొక్కలను, వాని నడుమ పశుగ్రాసమును వేయ నిశ్చయించిరి. మా యభిప్రాయమున ఆయన చేసిన పనులలో నిదియే ఉత్తమమైనది. పచ్చికను ఇంటి కెదురుగా, కూర్చుండు చోటనే ఉంచి, మూలమూలలకు ప్రాకింపకుండుట మంచిది. పెద్దచెట్ల దట్టమైన నీడ గరికకు పడదు. అచ్చట ఎన్నిమాఱులు నాటినను ఎన్నిమాఱులైనను చచ్చును.

రెండవది నేలలో నేమున్నదో త్రవ్వి చూచుట. క్రొత్తయింటి ముందటి నేల నిజమైన నేల కాదు. పునాదులలోనుండి తీసిన అడుగుమట్టి పైకివచ్చియుండును. దానిలో సిమెంటు, ఇటుకముక్కలు, కంకర, సున్నము కలిసియుండును. మన సభ్యుని ఆవరణమున పసుపు మచ్చలున్న చోటులలో గునపము దింపగా, జానెడు లోతున కాంక్రీటు కలిపిన గచ్చు బయటపడినది! మేస్త్రీ పని ముగించి పోవుచు దానిపై మట్టి కప్పి పోయెను. ఇట్టి చెత్తను ఆఱంగుళముల లోతువఱకైనను తీసివేసి మంచిమట్టితో పూడ్చవలెను. పిమ్మట నాలుగైదు చోట్ల ఆఱంగుళముల లోతువఱకు మట్టి తీసి, కలిపి, అరకిలో నమూనాను మట్టిపరీక్షకు పంపుడు. ఉదజని సూచిక చాల హెచ్చుగానుండి చవుడని తేలినప్పుడే, వారు చెప్పిన మోతాదున జిప్సము వేయవలెను. పొరుగువాడు వేసినాడని వేయరాదు. నీరింకు తీరును తెలిసికొనుటకు అడుగులోతు గుంట త్రవ్వి, నీరుపోసి ఇంకనిచ్చి, మఱల నింపుడు. మఱునాటికిని నీరు నిలిచియున్నచో అచ్చట ముందుగా మురుగుకాలువ తీయవలెను.

ఇక దున్నకము. దీనిలోనే మేము తప్పితిమి గనుక కొంచెము విపులముగా వ్రాయుదుము. పాత పచ్చికను నేలబారుగా కోసివేసి, నేల పదునైనప్పుడు రెక్కనాగలితో లోతుగా దున్నవలెను. ఆఱు సెంట్లకు ట్రాక్టరు తిరుగని చోట పలుగుతో తిరుగవేయించుడు. పెల్లలు పెద్దవిగా లేవవలెను; వానిని చితుకగొట్టకుడు. పెల్ల యెంత పెద్దదైన దానిలోని గడ్డలకు ఎండయు, గాలియు సోకి అవి యంతగా ఎండును. తుంగగడ్డకు శత్రువు కత్తి కాదు, ఎండుదల. పైకివచ్చి వేసవియెండలో వారము పది దినములు తడిలేక పడియున్న గడ్డ చచ్చును. మట్టిలో పూడియున్నది బ్రతుకును. అందుచేత పదిదినముల కొకసారి పెల్లలను క్రిందుమీదు చేయుచుండవలెను. రోహిణికార్తె వెళ్లువఱకు ఈ పని సాగవలెను. నడుమ వాన పడినచో విసుగుపడక మఱల తిరుగవేయుడు. తిరుగవేసినప్పు డెల్ల దంతెతో గరికకాడలను ఏరి, మట్టి దులిపి, ఎండబెట్టి పశువులకు వేయుడు. అది మంచి మేత. తుంగగడ్డలను మాత్రము పెంటగోతిలో వేయరాదు. గచ్చుమీదనో బండమీదనో గలగలలాడునట్లు ఎండించి కాల్చివేయవలెను.

ఈ నాలుగు మాసములు ఇంటిముందు దుక్కిచేసిన చేనువలె నుండును. ఉగాదికి వచ్చిన చుట్టములు మన సభ్యుని చూచి “వరి వేయుదురా, మినుములు వేయుదురా?” అని పరిహసించిరట. ఆయన మాత్రము పని మానలేదు.

తడిపిన నేలపై పారదర్శకమగు ప్లాస్టికు కాగితము కప్పి, అంచులను మట్టితో మూసి, నాలుగైదు వారములు ఎండనిచ్చు పద్ధతియు నొకటి కలదు. ఇజ్రాయెలు దేశమున కాటన్ అను శాస్త్రజ్ఞుడును వారి తోడివారును 1976 లో దీనిని ప్రకటించిరి. మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ వారును కంది, శనగ ఎండుతెగులు విషయమున దీనిని పరీక్షించిరి. నేల పైపొరలోని కలుపువిత్తనములకును, కొన్ని తెగుళ్లకును ఇది మంచిదే. కాని తుంగగడ్డ లోతున దాగియుండును గనుక దీనిని మాత్రమే నమ్మరాదు. చిన్న మడులకు చేసికొనవచ్చును.

కలుపుమందు మాట యెత్తనివారు లేరు. గ్లైఫోసేటు పచ్చని యాకునుండి వేరునకు దిగి చంపును. ఎండిన ఆకుపైనను, దుమ్ముపట్టిన ఆకుపైనను అది పనిచేయదు. తుంగ ఒక్కమాటుతో చావదు. పైగా 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వమువారు దీనిని చీడనివారణపు లైసెన్సు పొందినవారే వాడవలెనని ఉత్తరువు వెలువరించిరి. పిల్లలును దూడలును తిరుగు ఇంటివాకిట దీనిని మీచేతులతో చల్లుకొనుడని మేము చెప్పజాలము. ఎండతోను పాఱతోను కాగలిగిన పనికి మందేల?

మృగశిరకార్తె తొలకరి పడగానే మిగిలిన గడ్డలు మొలచును. ఇది చూచి అధైర్యపడవలదు. మనము కోరునదియు నదియే. వానలు రాకున్నచో మీరే ఒకతడి పెట్టి మొలపింపుడు. తుంగకు ఐదాఱాకులు వచ్చులోపల త్రవ్వి తీయవలెను. అంతకు మించి యూరకున్నచో క్రొత్తగడ్డలు కట్టుట మొదలిడును. రెండు మూడు వారములకొకసారి ఇట్లు మొలపించుటయు, తీయుటయు జరుగవలెను. గడ్డలో దాచుకొన్న పిండిపదార్థము ప్రతి మొలకతోను కొంత వ్యయమగుచుండుటచే ప్రతిమాఱు మొలక బలహీనమగును. కనీసము రెండు పంటలు తుంగను ఇట్లు తీయనిదే నాటకుడు.

ఎరువు విషయమున నొక హెచ్చరిక. మాగని పశువులయెరువును, చెఱువుపూడికమట్టిని తుంగబండ్లని అనుకొనుడు. బాగుగ మాగిన ఎరువును అంగుళము మందమున పఱచి, పై నాలుగైదంగుళముల మట్టిలో కలుపవలెను. నూఱు ఘనపుటడుగులు పట్టు ట్రాక్టరుపెట్టె ఎరువు సుమారు మూడు సెంట్లకు వచ్చును. తోలించుటకు ముందు ఆ ఎరువును తొట్టెడు తెచ్చి, తడిపి, నీడయును ఎండయును గల చోట రెండువారములు ఉంచి చూడుడు. ఏమి మొలచునో అదియే రేపు మీ వాకిట మొలచును. మన సభ్యుడు మూడు చోట్ల ఎరువును ఇట్లు పరీక్షించి రెంటిని త్రిప్పిపంపిరి.

ఎరువు కలిపిన పిమ్మట వాటము చూడవలెను. ఇంటిగోడనుండి బయటకు ప్రతి పదియడుగులకు అంగుళము మొదలు రెండంగుళములవఱకు వాలు చాలును. మేస్త్రీలు వాడు నీటిగొట్టముతో దీనిని సులువుగా చూచుకొనవచ్చును. చదునుచేసి రెండుమాఱులు తడిపి మట్టిని కూరుకొననిచ్చి, దిగిన గుంటలను పూడ్చి, తేలిక దిమ్మెను దొర్లింపవలెను. బురదగానున్నప్పుడు దొర్లించినచో నేల గచ్చగును.

గడ్డి కొనుటలో నింకొక మాట. ఆవరణమునకు గరికజాతినే వేయువారు పాతగరికముక్కలు కొన్ని మిగిలినను పెద్దగా దిగులుపడ నక్కఱలేదు. మెక్సికను గడ్డియని అమ్మబడు జాయిసియాజాతిని వేయువారికి మాత్రము పాతగరిక శత్రువు; అది చొరబడి గుత్తులుగా లేచును. ఏ జాతియైనను, కడియపులంకనుండి తెచ్చినను, దగ్గఱి నర్సరీనుండి తెచ్చినను, బండి దించుటకు ముందే పలకలను తిరుగవేసి అడుగుభాగము చూడుడు. అచ్చట నల్లని గడ్డలు కనబడినచో మొగమాటము లేక వెనుకకు పంపుడు. మంచివాటిని వచ్చిననాడే పఱపింపుడు. కుప్పగా నుంచినచో లోపల వేడెక్కి పసుపువాఱును.

మన సభ్యుడు పునర్వసుకార్తెలో 6 సెంట్లు నాటించిరి. నెలదినములకు మేము పోయి చూచితిమి. తుంగ బొత్తిగా లేకపోలేదు. ప్రహరిగోడ వెంబడి ఐదాఱు మొక్కలు మొలచినవి. మేము వంగి పీకబోగా ఆయన వారించి, లోపలినుండి సన్ననిపాఱయు, రేకుపళ్లెమును తెచ్చిరి. ఒక్కొక్క మొక్కచుట్టును మెల్లగా త్రవ్వి, దారము తెగకుండ గడ్డతోసహా తీసి పళ్లెములో వేసి, ఆ పళ్లెమును మేడమీది యెండలో పెట్టివచ్చిరి.