డాష్‌హండ్ కుక్కను తెచ్చుకోవాలనుకుంటున్నారా?



సెలవులు వస్తే చాలు, కుక్కపిల్ల కావాలని పిల్లలు మారాం చేస్తారు. పొడవాటి ఒళ్లు, పొట్టి కాళ్లు, వేలాడే చెవులు ఉన్న డాష్‌హండ్‌ను చూస్తే పెద్దవాళ్లకూ ముచ్చటేస్తుంది. "చిన్న కుక్కే గదా, ఓ మూలన పడి ఉంటుంది" అని తెచ్చుకుంటారు. అది 12 నుండి 15 సంవత్సరాలు బ్రతికే ప్రాణి. ఈ రోజు ఐదో తరగతిలో ఉన్న బిడ్డ ఉద్యోగానికి వెళ్లేనాటికీ అది మీ ఇంట్లోనే ఉండవచ్చు. కనుక ముందే ఇంటిల్లిపాదీ కూర్చుని ఈ సంగతులు ఆలోచించండి.

1. స్వభావం: బొరియల్లో దూరి బ్యాడ్జర్ అనే జంతువును పట్టడానికి జర్మనీ దేశంలో పెంచిన వేట జాతి ఇది. అందుకే గొంతు పెద్దది, మొండితనం ఎక్కువ. పెరట్లో పాదులు తవ్వుతుంది, కోళ్లను తరుముతుంది, తలుపు చప్పుడైతే మొరుగుతుంది. కొడితే మానదు. ఓపికతో నేర్పాలి.

2. వెన్ను: ఈ జాతిలో నాలుగైదింటిలో ఒకదానికి ఎప్పుడో ఒకప్పుడు వెన్నుపూసల మధ్య డిస్క్ జబ్బు వస్తుంది. వెనుక కాళ్లు చచ్చుబడవచ్చు. మిద్దె మెట్లు ఎక్కనివ్వకండి, మంచం మీద నుండి దూకనివ్వకండి. ఎత్తుకునేటప్పుడు ఒక చెయ్యి రొమ్ము క్రింద, ఒక చెయ్యి వెనుక భాగం క్రింద పెట్టాలి. నడక తూలినా, కాళ్లు ఈడ్చినా అదే రోజు పశువైద్యునికి చూపించాలి.

3. తిండి, ఎండ: ఒళ్లు పెరిగితే ఆ బరువంతా వెన్ను మీదే పడుతుంది. కొలత ప్రకారం పెట్టండి. ఉల్లి, వెల్లుల్లి వేసిన కూరలు కుక్కలకు మంచివి కావు. మన అనంతపురంలో వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పొద్దున్నే, సాయంత్రం చల్లబడ్డాక మాత్రమే నడిపించండి. నీడ, నీళ్లు ఎప్పుడూ ఉండాలి.

4. పిల్లలు: నిద్రపోయే కుక్కను, తింటున్న కుక్కను చిన్నపిల్లలు తాకితే అది కరవవచ్చు. చంటిబిడ్డను కుక్క దగ్గర ఒంటరిగా వదలవద్దు.

5. టీకా: మూడు నెలల వయసులో రేబిస్ టీకా, తరువాత పశువైద్యుడు చెప్పిన ప్రకారం మళ్లీ మళ్లీ వేయించాలి. నా సర్వీసులో తల్లిదండ్రుల నోట తరచుగా విన్న మాట, "ఇంటి కుక్కే కదా సిస్టర్, ఏమీ కాదులే" అని. గాయానికి పసుపో, కారమో అద్ది, రెండు మూడు రోజులకు తీసుకొచ్చేవారు. అలా చేయకండి. ఏ కుక్క కరిచినా, గోటితో గీరినా, సబ్బుతో ధారగా పడే నీటి క్రింద 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి రండి. రేబిస్ లక్షణాలు కనిపించిన తరువాత బ్రతికించడం దాదాపు అసాధ్యం. సకాలంలో ఇంజెక్షన్లు పూర్తిగా వేయించుకుంటే ఆ జబ్బు రాకుండా కాపాడుకోవచ్చు.

చివరిగా మిమ్మల్ని మీరే ప్రశ్నించుకోండి. రోజూ రెండు పూటలా నడిపించేది ఎవరు? ఊరికి వెళితే చూసేది ఎవరు? వెన్ను జబ్బు వస్తే వైద్యం చేయించగలమా? జవాబు లేకపోతే ఇప్పుడు వద్దనుకోవడమే మంచిది. తోటకో, గొర్రెల దొడ్డికో కాపలా కావాలంటే మన ఎండకు అలవాటుపడిన ఊరి కుక్కపిల్లే మేలు. దానికీ టీకా తప్పనిసరి.

ముచ్చట తీరాక వీధిలో వదిలిన కుక్కకు టీకా వేయించేవారుండరు. దానికీ కష్టమే, వీధిలో ఆడుకునే పిల్లలకూ ప్రమాదమే. బాగా ఆలోచించి తెచ్చుకోండి. తెచ్చుకున్నాక కడదాకా చూసుకోండి.

— నర్సింగ్ సూపరింటెండెంట్